ఖాళీగా ఉండటమే దాని డ్యూటీ: రొయ్యల గుంటల దగ్గర 40 కేవీఏ జనరేటర్, ఏఎంఎఫ్ ప్యానెల్ పనితీరు

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు వెళ్లినా, ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు వెళ్లినా రొయ్యల గుంటల గట్ల మీద సైలెంట్ జనరేటర్ పెట్టెలు కనిపిస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం అవి ఏ పనీ చేయవు. కొన్న రైతు దాన్ని ‘ఐడిల్‌గా పడున్న డబ్బు’ అంటాడు. మెకానిక్ దగ్గర ఐడిల్ అంటే లోడు లేకుండా ఇంజను తిరగడం. లెక్కలు రాసే ఆడిటర్‌కి ఐడిల్ కెపాసిటీ అంటే కొన్న 40 కేవీఏలో వాడకుండా మిగిలిపోయేది. ఈ మూడు రకాల ఖాళీతనమూ ఆ ఒక్క పెట్టెలోనే ఉంటుంది, మూడూ దాన్ని పాడు చేసేవే. అందుకే ఇక్కడ ఇంజను కంపెనీని బట్టి మార్కులు వేయడం లేదు. కిర్లోస్కర్, మహీంద్రా పవరాల్, కమిన్స్, అశోక్ లేలాండ్ ఏది తీసుకున్నా ఈ సైజులో ఇంజను గట్టిదే. తేడా వచ్చేది దాని చుట్టూ ఉన్న ఏఎంఎఫ్ (ఆటో మెయిన్స్ ఫెయిల్యూర్) ప్యానెల్, ఛార్జర్, వైరింగ్, అలవాట్ల దగ్గర.

ముందు సైజు లెక్క. గుంట నీళ్లలోకి ఆక్సిజన్ ఎక్కించే 2 హెచ్‌పీ పాడిల్ వీల్ ఏరియేటర్లు 12 ఉన్నాయనుకుందాం. మొత్తం 24 హెచ్‌పీ, అంటే దాదాపు 18 కిలోవాట్లు. మోటార్ల నష్టం కలుపుకుంటే జనరేటర్ ఇవ్వాల్సింది 22 కిలోవాట్ల పైచిలుకు. కిలోవాట్లని కేవీఏలోకి మార్చే పవర్ ఫ్యాక్టర్ 0.8 వేసుకుంటే 28 కేవీఏ. ‘అలాగైతే 30 కేవీఏ చాలు కదా’ అనేవాళ్లు స్టార్టింగ్ కరెంటు మర్చిపోతున్నారు. తిరిగేటప్పుడు ఒక్కో మోటారు 3.3 ఆంపియర్ల దాకా లాగితే, నేరుగా స్టార్ట్ చేసే క్షణంలో దానికి ఆరు రెట్లు, అంటే 20 లాగుతుంది. పన్నెండూ ఒకేసారి పడితే 240. 40 కేవీఏ సెట్ రేటెడ్ కరెంటు మూడు ఫేజుల్లో 55 ఆంపియర్లే. వోల్టేజి కుప్పకూలుతుంది, కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) టపటపా కొట్టుకుంటాయి, ఇంజను గుక్కపట్టి ఆగిపోతుంది. ‘జనరేటర్ లోడు పట్టడం లేదు’ అని మెకానిక్‌ని పిలిచే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే.

దీనికి మందు పెద్ద జనరేటర్ కాదు, టైమర్లు. మూడేసి ఏరియేటర్లను ఒక గ్రూపు చేసి, గ్రూపుకి గ్రూపుకి మధ్య 6 నుంచి 8 సెకన్ల తేడా పెడితే, చివరి గ్రూపు పడే వేళకి తిరిగేవి 30 ఆంపియర్లు, కొత్తగా ఎక్కేవి 60. ఆ 90 ఆంపియర్లను 40 కేవీఏ ఆల్టర్నేటర్ (సెట్లో కరెంటు పుట్టించే భాగం) ఒకటి రెండు సెకన్లు తట్టుకుంటుంది. తర్వాత 70 శాతం లోడు మీద స్థిరపడుతుంది, డీజిల్ ఇంజనుకి హాయిగా ఉండే చోటు అది. గంటకు 6 నుంచి 7 లీటర్లు తాగుతుంది. నాలుగు టైమర్ల ఖర్చుతో పోయేదానికి 62.5 కేవీఏ కొనిపించే డీలరు ఉంటే నమస్కారం పెట్టి బయటికి రావడం మేలు.

ఎందుకంటే పెద్దది కొంటే అది ఎక్కువ కాలం తక్కువ లోడు మీద తిరుగుతుంది. పగలు నాలుగు ఏరియేటర్లే తిప్పే గుంటలో 40 కేవీఏకే లోడు పాతిక శాతం లోపు. 62.5 అయితే 15 శాతం. 30 శాతానికి తగ్గితే సిలిండరు సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. మిగిలిన పచ్చి డీజిల్, మసి కలిసి సైలెన్సర్ జాయింట్ల దగ్గర తారులాగా కారతాయి. వెట్ స్టాకింగ్ అంటారు. ఇంజెక్టర్లు మూసుకుపోతాయి, వాల్వుల మీద మసి గడ్డకడుతుంది, అవసరమైన రాత్రి పూర్తి బలం రాదు. పగటిపూట కరెంటు పోతే అవసరం లేకపోయినా ఇంకో నాలుగు ఏరియేటర్లు వేసేయడం మంచిది.

ఇక ఏఎంఎఫ్ ప్యానెల్. కరెంటు పోయిందని తానే గమనించి, ఇంజను స్టార్ట్ చేసి, లోడును జనరేటర్ మీదికి మార్చి, కరెంటు రాగానే వెనక్కి ఇచ్చేసే పెట్టె. చేసే పని బాగానే చేస్తుంది. కానీ ఫ్యాక్టరీ సెట్టింగులతో వదిలేస్తే మన లైన్లకు కుదరదు. కరెంటు పోయాక 3 నుంచి 5 సెకన్లు ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో ప్రయత్నం 5 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం, మొత్తం మూడు ప్రయత్నాలు. స్టార్ట్ అయ్యాక 10 నుంచి 15 సెకన్లు వేడెక్కనిచ్చి లోడు ఇవ్వాలి. కరెంటు తిరిగొచ్చిన వెంటనే మారిపోకూడదు. పల్లె ఫీడర్లో కరెంటు వచ్చి, పోయి, మళ్లీ రావడం మామూలే, కాబట్టి కనీసం 2 నిమిషాలు నిలకడగా ఉందని చూశాకే మారాలి. చివర్లో లోడు తీసేశాక 3 నిమిషాలు ఐడిల్‌లో తిరిగి చల్లబడి ఆగాలి. ఐడిల్ అవసరమయ్యేది ఇక్కడే. టర్బో ఉన్న ఇంజనుని వేడి మీద టక్కున ఆపితే బేరింగులో ఆయిల్ మాడుతుంది.

ప్యానెల్‌లో అసలు లోపం వేరేచోట ఉంది, అమ్మేవాళ్లు దాని ఊసెత్తరు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఏం చేస్తుంది? నెల్లూరు వైపు ఏపీఎస్పీడీసీఎల్ లైనైనా, ప్రకాశం వైపు ఏపీసీపీడీసీఎల్ లైనైనా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోవడం, గాలికి ఒక జంపర్ తెగడం కొత్తేమీ కాదు. ప్యానెల్ చూసేది ఒక్కో ఫేజులో వోల్టేజి ఎంతుందని. తిరుగుతున్న మోటార్లు పోయిన ఫేజులోకి తామే వోల్టేజి పుట్టిస్తాయి. 230 ఉండాల్సిన చోట 200 చూపిస్తుంది. లో-వోల్టేజి సెట్టింగు 180 దగ్గర ఉంటే ప్యానెల్‌కి అంతా బాగానే ఉన్నట్టు. మోటార్లు మాత్రం రెండు ఫేజుల మీద మూలుగుతూ, వేడెక్కి, ఒక్కొక్కటే కాలిపోతాయి. జనరేటర్ పక్కనే నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకే ఫేజుల మధ్య తేడాను గుర్తించే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ రిలే వేరుగా పెట్టించి, దాని కాంటాక్టును ‘కరెంటు పోయింది’ అనే సంకేతంగా ప్యానెల్‌కి ఇవ్వాలి. ప్రతి ఏరియేటర్ స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే కూడా మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకే సెట్ అయి ఉండాలి. అది ట్రిప్ అవుతోందని నాబ్ పైకి తిప్పేసిన స్టార్టర్లు గట్ల మీద బోలెడు.

బ్యాటరీ దగ్గరికి వద్దాం. సమయానికి స్టార్ట్ కాని సెట్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంజను తిరగనప్పుడు కూడా కంట్రోలర్ మెలకువగానే ఉండాలి కాబట్టి కరెంటు తాగుతూనే ఉంటుంది. 100 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు, నెలకు 72. అంటే 100 ఏహెచ్ బ్యాటరీ ఏమీ చేయకుండానే నెలలో ముప్పావు భాగం ఖాళీ. అందుకే ప్యానెల్లో మెయిన్స్ (లైను కరెంటు) మీద నడిచే చిన్న ఛార్జర్ ఉంటుంది. దాని గాజు ఫ్యూజు పోతే ఎవరికీ తెలియదు, దీపం వెలుగుతూనే ఉంటుంది. మీటరు పెట్టి చూడాలి: ఛార్జర్ ఆన్‌లో ఉండగా 13.5 నుంచి 13.8 వోల్టులు ఉంటే సరి. 14.4 నిలకడగా ఉంటే నీళ్లు ఉడికించేస్తోంది. 12.7 ఉంటే ఛార్జర్ చచ్చిపోయినట్టే. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు ఆగాక 12.6 ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి దిగితే ఆ బ్యాటరీని అక్టోబరు, నవంబరు వానల దాకా ఉంచుకోకూడదు. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పచ్చగా పూసేదాన్ని వేణ్నీళ్లు, వంటసోడాతో కడిగి, ఆరాక వాజెలిన్ రాస్తే చాలు.

వారం వారం ‘స్టార్ట్ చేసి చూస్తున్నాం’ అని చెప్పేవాళ్లు చేసేది చాలావరకు ఇదే: మాన్యువల్ బటన్ నొక్కడం, 5 నిమిషాలు ఐడిల్‌లో తిప్పడం, ఆపేయడం. దీనికంటే అసలు తిప్పకపోవడమే నయం అనిపిస్తుంది. ఇంజను వేడెక్కదు. కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆవిరిగానే బయటికి పోక ఆయిల్లో కలుస్తుంది. మసి పేరుకుంటుంది. పైగా బటన్ నొక్కితే స్టార్ట్ అయిందంటే రేపు కరెంటు పోతే లోడు మారుతుందని కాదు, కాంటాక్టర్లు కదలనే లేదుగా. సరైన పరీక్షకి ప్యానెల్ ఆటో మోడ్‌లో ఉండగా మెయిన్స్ వైపు ఎంసీబీ దించేయాలి. లైను మీద కరెంటు నిజంగా పోయినట్టే దానికి. ఏరియేటర్లు గ్రూపులవారీగా ఎక్కుతున్నాయా, ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలుస్తోందా, కూలెంట్ 75 డిగ్రీలు దాటిందా చూడాలి. అరగంట తిప్పాక ఎంసీబీ ఎత్తి, వెనక్కి మారడం, చల్లబడి ఆగడం కూడా చూసే వెళ్లాలి. దీన్ని మిట్టమధ్యాహ్నం చేయడం మంచిది. ఎండలో గుంటలో ఆక్సిజన్ బాగా ఉంటుంది, మార్పిడి తప్పినా రొయ్యకి నష్టం లేదు. తెల్లవారుజామున అదే తప్పు జరిగితే, కౌంట్‌కి (పట్టుబడి సైజుకి) వచ్చిన గుంటలో అరగంటకే రొయ్య తేలడం మొదలవుతుంది.

సర్వీసుకి వచ్చిన మనిషి వెళ్లిపోయాక ఒకసారి ప్యానెల్ చూడండి. సెలెక్టర్ స్టాప్‌లోనో మాన్యువల్‌లోనో ఉండిపోవడం, ఎమర్జెన్సీ బటన్ నొక్కి మర్చిపోవడం చాలా మామూలు. ఆ రాత్రి కరెంటు పోతే బొత్తిగా రిపేరు లేని జనరేటరే ఊరకుండిపోతుంది.

కొన్ని నెలలు కదలకుండా ఉన్న సెట్లో ఇంజను తిరుగుతుంది గానీ వోల్టేజి రాదు. ఆల్టర్నేటర్లో మిగిలి ఉండాల్సిన అయస్కాంతశక్తి పోయిందన్నమాట. ఏవీఆర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్) వైర్లు విడదీసి, ఎక్సైటర్ ఫీల్డుకి బ్యాటరీ నుంచి 12 వోల్టులు డయోడ్ గుండా కొన్ని సెకన్లు ఇస్తే తిరిగొస్తుంది. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు, కాబట్టి తెలిసిన ఎలక్ట్రీషియనే చేయాలి. వానాకాలం వెళ్లాక వైండింగుని, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూపించుకోవాలి. ఒక మెగోమ్ కంటే తక్కువ ఉంటే ఆరబెట్టకుండా నడపకూడదు. కాంటాక్టర్లలో దూరే చీమలు, కానోపీలో వైర్లు కొరికే ఎలుకలు చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కేబుల్ వచ్చే రంధ్రాలన్నీ గ్లాండులతో మూయించండి.

ఆయిల్ ‘గంటలు తిరగలేదు కదా’ అని రెండేళ్లు ఉంచుతారు. మాన్యువల్లో గంటలతో పాటు ‘లేదా 12 నెలలు’ అని కూడా ఉంటుంది, ఏది ముందైతే అది. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే రాత్రి చలికి లోపలి గోడల మీద నీరు పడుతుంది, అందులో నాచులాంటి జిగురు పెరిగి ఫిల్టరు మూసేస్తుంది. నిండుగా ఉంచండి, వాటర్ సెపరేటర్ నెలకొకసారి విప్పి నీరు వదలండి. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ లాంటి తుపానుకి బంకుకి వెళ్లే దారే ఉండకపోవచ్చు.

మెయిన్స్ కాంటాక్టరుకీ జనరేటర్ కాంటాక్టరుకీ మధ్య, రెండూ ఒకేసారి పడకుండా ఆపే ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్‌తో పాటు మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా ఉందో లేదో డెలివరీ రోజే తెరిచి చూడాలి. లేకపోతే తీసుకోవద్దు. ఒక కాంటాక్టరు అతుక్కుపోతే మన జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ లైనుని ఎక్కుతుంది. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.

ఎవరికి పనికొస్తుంది? గుంటలు ఎక్కువై, రాత్రి కాపలా ఒక్క మనిషే ఉంటే ఏఎంఎఫ్ తీసుకోవాల్సిందే. రెండు మూడు గుంటలుండి, మనిషి గట్టు మీదే పడుకుంటే ఆ డబ్బుతో మాన్యువల్ చేంజోవర్, బ్యాటరీ మీద మోగే పవర్ ఫెయిల్ సైరన్, మంచి ఛార్జర్, టైమర్లు పెట్టుకోవడం మా ఉద్దేశంలో తెలివైన పని. చెడిపోయే వస్తువులు తక్కువ.

కొత్తదా పాతదా అనేది ఇప్పుడు పెద్ద ప్రశ్న. 2023 జులై 1 నుంచి తయారయ్యే సెట్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సీపీసీబీ-4 ప్లస్ పొగ నిబంధనలు వచ్చాయి. వీటిలో ఎక్కువ మోడళ్లకి ఈసీయూతో (ఇంజను కంప్యూటర్‌తో) నడిచే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది. పొగ తక్కువ, డీజిల్ శుభ్రంగా కాలుతుంది. కానీ నీళ్లు కలిసిన డీజిల్‌ని అస్సలు సహించవు, రిపేరుకి కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో రావాలి. పాత మెకానికల్ పంపు సెట్లని ఊళ్లో మెకానిక్ విప్పగలడు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వాటికి గిరాకీ ఉంది. అలాంటిది చూడ్డానికి వెళ్తే ముందు ఇంజను బ్లాక్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఎవరో ముందే తిప్పి వేడి చేసి పెట్టారు. బేరం మాట్లాడకుండా, రేపు పొద్దున్నే వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వచ్చేయండి.