ఉండవల్లి తాటిమోడు, లాడ్జిలో పంజరం

విజయవాడ బస్టాండు దగ్గర దిగిన లాడ్జి మీద కోపం నాకింకా తగ్గలేదు. ఫోన్లో రోజుకి 1,600 అన్నారు, తీరా వెళ్ళాక 2,100. శనివారం రేటట. అమ్మకి అదనపు పరుపు మరో 300. డబ్బు సంగతి సర్దుకున్నాం గానీ, కౌంటర్ పక్కన చిన్న పంజరంలో ఉన్న రామచిలుకని చూసి ఊరుకోలేకపోయాం. రామచిలుక ముక్కు నుంచి తోక చివరిదాకా 40 సెంటీమీటర్లుంటుంది, అందులో సగానికి పైగా తోకే. ఆ తోక పట్టక వంగి, చివర్లు అరిగిపోయాయి. రెక్కల ఈకలు కత్తిరించేశారు. ఎదిగిన మగచిలుక మెడకుండే రంగు పట్టీ, అదే కంటె, దీనికి లేదు కాబట్టి అది ఆడదో, మూడేళ్ళు నిండని మగదో అయ్యుండాలి.

"పిల్లలు ముచ్చటపడతారని 800 పెట్టి కొన్నామండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మన చిలకల్ని పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పాను. "అందరూ పెంచుకుంటున్నారు కదండి" అని ఫోన్ చూసుకున్నాడు. పదేళ్ళ మా వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున అమ్మవారి దర్శనం ఇబ్బంది లేకుండా అయింది. మధ్యాహ్నం ఉండవల్లి వెళ్ళాం. ఆటోకి రానూపోనూ 450, గుహల టికెట్ 25, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి లేదు. పైన అనంతశయనుడి దగ్గర అమ్మ కూర్చుండిపోయింది. మేం ముగ్గురం కిందికి దిగి చేలగట్టు మీద నడిచాం. జామతోట పక్కన తల విరిగిన తాటిమోడు, దానికో తొర్ర, తొర్రలోంచి ఎర్రటి ముక్కు!

"పొదుగుతోందమ్మా, దగ్గరికెళ్ళకండి" అన్నాడు తోట రైతు. రామచిలుకలు గూడు కట్టవు. వడ్రంగిపిట్టల్లాంటివి తొలిచి వదిలేసిన తొర్రల్నో, చెట్టుకి వాటంతటవే పడ్డ తొర్రల్నో కొరికి వెడల్పు చేసుకుంటాయి. మూడు నాలుగు గుడ్లు, ఇరవై రెండు మూడు రోజుల పొదుగుడు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో, సరిగ్గా వాటి కాలం.

గట్టు మీదే కదలకుండా కూర్చున్నాం. అరగంటకి మగది కీచుమంటూ వచ్చి మోడుకి అతుక్కుంది. గడ్డం కింద నల్లచార, మెడ వెనక గులాబీరంగు కంటె. ముందుకి రెండు, వెనక్కి రెండు వేళ్ళుంటాయి గనక నిలువు మాను మీదా దానికి పట్టు తప్పదు. ఆడది తల బయటపెడితే, తను తిన్నది కక్కి దాని నోటికి అందించింది. మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

జామకాయ సగం కొరికి పడేస్తాయని, మిరపచేలో పండుకాయల్నీ వదలవని రైతు చెప్పాడు. గుంటూరు మిరపకాయ తిని ఎలా తట్టుకుంటాయని మావారు అడిగారు. పక్షులకి ఆ మంట తెలియదు. ఇంత నష్టం చేస్తున్నా రైతు ఆ మోడుని కొట్టేయలేదు. "పిల్లలు ఎగిరిపోయాక చూద్దాం" అన్నాడు.

ఆ రాత్రే లాడ్జి ఖాళీ చేశాం. కట్టిన రెండోరోజు డబ్బు తిరిగివ్వలేదు. పంజరం సంగతి అటవీశాఖకి ఫోన్ చేసి చెప్పాను. మంగళగిరిలో 1,200కి గది దొరికింది, చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు అడక్కుండానే వచ్చాయి. మీరు ఉండవల్లి వెళ్తే గుహలు ముందే చూసేసి, ఐదింటికల్లా గట్టు మీదికి రండి. మోడు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. మనిషి అక్కడుంటే మగది వాలదు.