తువాలు వెళ్తున్నారా? గది కన్నా ముందు ట్యాంకు చూడండి

పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలు. దాని రాజధాని ఫునాఫుటిలో గెస్ట్‌హౌస్ బుక్ చేసేవాళ్లు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడిగి టైం వేస్ట్ చేసుకోకండి. నీళ్ల ట్యాంకు ఎంత పెద్దది, ఎన్ని గదులకి అదొక్కటే, టాయిలెట్ ఏ రకం అని అడగండి. రాత్రికి 130 ఆస్ట్రేలియన్ డాలర్లు తీసుకుని, ఇరవై నాలుగు గంటలూ నీళ్లొస్తాయని మెయిల్‌లో రాసిచ్చిన చోట మాకు మర్నాడు పొద్దున్నే షవర్ ఆగిపోయింది. అప్పటికి మా ఆయన తల నిండా షాంపూ ఉంది.

ఓనర్‌ని పిలిస్తే, "వానల్లేవు కదా" అన్నాడు, వానని మేమే ఆపినట్టు. ట్యాంకర్ తెప్పిస్తానన్నాడు, మంచిదే. దానికి 40 డాలర్లు మా బిల్లులో వేస్తానన్నాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది. బయటికెళ్లి చూస్తే ఆరు గదులకీ కలిపి ఒక్కటే ట్యాంకు. రేకుల కప్పుకి ఒక పక్క చూరు వెంటే గొట్టం ఉంది. రెండో పక్కది ఊడిపోయి, తీగతో కట్టి వేలాడుతోంది. అంటే వాన పడినా సగం నీళ్లు ఇసుకపాలే. ఆ గొట్టం బిగించడానికి నిచ్చెన, నాలుగు మేకులు చాలు. దానికి మేమెందుకు 40 డాలర్లు కట్టాలి? గొడవపడితే 20కి దిగాడు. అదీ ఇచ్చే పని కాదు గానీ, మా ఆయన "వదిలెయ్, నాకు ముందు తల కడుక్కోవాలి" అన్నారు.

నా కోపం ఊరికే కాదు. ఈ దేశంలో నది లేదు, చెరువు లేదు. మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లు, ఎక్కడా అయిదు మీటర్ల ఎత్తు దాటదు. భూగర్భ జలం ఉప్పగా మారి తాగడానికి పనికిరాదు. ఆకాశం నుంచి పడిందే నీరు. 2011లో వానల్లేక ఎమర్జెన్సీ ప్రకటించి, ఇంటికి రోజుకి రెండు బకెట్ల చొప్పున కొలిచి ఇచ్చారు. ఆ దెబ్బ తిన్నవాళ్లు ఊరుకోలేదు. ఇంటింటికీ 10,000 లీటర్ల ట్యాంకులు పెట్టించారు. ఫునాఫుటిలోనే లోఫెయాగై అనే చోట ఏడు లక్షల లీటర్ల తొట్టి కట్టారు. సుస్థిర అభివృద్ధి అంటే మనకి కాన్ఫరెన్సుల్లో వినబడే మాట. ఇక్కడ 2005 నుంచి 2015 దాకా 'తె కకేగా 2', 2020 దాకా 'తె కకేగా 3', ఇప్పుడు 2030 దాకా 'తె కేటె' అని వరసగా జాతీయ ప్రణాళికలు నడుస్తున్నాయి. మా ఓనర్‌కి మాత్రం అవేవీ ఆ గొట్టం దాకా రాలేదు.

ఆ మధ్యాహ్నమే సామాను సర్దుకుని ఒక టీచరమ్మ ఇంట్లో గదికి మారిపోయాం. ఉదయం టిఫినుతో కలిపి 70 డాలర్లు. ఫ్యానే, ఏసీ లేదు. ఇక టాయిలెట్ చూడగానే మా ఆయన ముఖం మాడిపోయింది. దాన్ని ఫలెవాటియె అంటారు. నాలుగు మెట్లెక్కాలి. కింద రెండు గదులుంటాయి, ఒకటి నిండితే మూసేసి రెండోది వాడతారు. పని అయ్యాక నీళ్లు పొయ్యరు, పక్కన తొట్టిలో ఉన్న ఎండాకు పొడి గుప్పెడు చల్లుతారు. గాలి గొట్టం పైకి ఉంటుంది కాబట్టి వాసన రాదు. నిజంగానే రాదు, మేం ఆశ్చర్యపోయాం. మగ్గిన ఎరువు చెట్లకి వేస్తారు. ఫ్లష్ పెడితే ఇంటి నీళ్లలో పెద్ద వాటా అదే మింగేస్తుంది. పైగా సెప్టిక్ ట్యాంకు మురుగు పగడపు నేలలోంచి నేరుగా లగూన్‌లో, అంటే దీవుల మధ్యనున్న సముద్రపు మడుగులో కలుస్తుంది. అందుకే ఒక నీటి ప్రాజెక్టు కింద వీటిని కట్టించారట. మా ఆయన మొదట సణిగినా, మర్నాటికి దాని గురించి ఆవిడని ఇంజనీరులా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు.

భోజనం సంగతి. శనివారం నేను చేప తినను. ఇక్కడ శాకాహారం దొరకదేమోనని టెన్షన్ పడ్డాను. టీచరమ్మ తైవాన్ వాళ్లు నడిపే తోటకి పొద్దున్నే తీసుకెళ్లింది. ఆలస్యమైతే ఏమీ మిగలవు. దోసకాయలు, ఆకుకూర కలిపి 6 డాలర్లు. ఉప్పు నేలలో కూర పండించడం మాటలు కాదు. ఆ ఆకుకూరని కొబ్బరిపాలలో ఉడికించి, పులకా అనే చేమదుంప లాంటి దుంపతో పెట్టింది. కొంచెం కారం పడితే మన ఇంటి కూరే. మిగతా రోజులు ట్యూనానే.

సాయంత్రం రన్‌వే మీద ఊరంతా ఆడుకుంటుంది, విమానం వచ్చేముందు సైరన్ కొడతారు. అందరూ రాసేదే, బాగుంటుంది. 1943లో అమెరికా సైన్యం ఆ రన్‌వే కోసం తవ్విన గోతులు 2015లో పూడ్చేదాకా చెత్తతో, ఉప్పునీటితో నిండి ఉండేవి.

కొత్త నేలని మాత్రం తప్పకుండా చూడండి, కానీ మధ్యాహ్నం వెళ్లకండి. సముద్రమట్టం పెరిగినా మునగకుండా ఉండాలని లగూన్ నుంచి ఇసుక తోడి 780 మీటర్ల పొడవున పోశారు. ఏడు హెక్టార్లకి పైనే, 2023 చివరికి పూర్తయింది. నానుమేయా, నానుమంగా దీవుల గట్లతో కలిపి ప్రాజెక్టు ఖర్చు దాదాపు 3.9 కోట్ల అమెరికన్ డాలర్లు. మేం చూసినప్పుడు నీడ లేదు, కాళ్లు కాలిపోయాయి. "ఇదేనా చూపిస్తానన్నది?" అని మా ఆయన. పక్కన పాత ఒడ్డున నిలబడి రెండిటి ఎత్తు పోల్చి చూశాక నోరు మెదపలేదు. దీర్ఘకాలిక ప్రణాళికలో ఇలాంటి ఎత్తైన నేల 3.6 చదరపు కిలోమీటర్లు కావాలంటున్నారు. ట్యూనా పట్టే విదేశీ ఓడల లైసెన్సులు, 1987లో పెట్టిన ట్రస్ట్ ఫండ్, తువాలుకి చెందిన '.tv' వెబ్ చిరునామాల మీద వచ్చే అద్దె ఉన్నా, ఇంత నేల వీళ్ల సొంత డబ్బుతో అయ్యే పని కాదు.

టీచరమ్మ కొడుకు ఆస్ట్రేలియా వీసా లాటరీ గురించే మాట్లాడాడు. 2024 ఆగస్టులో ఆస్ట్రేలియాతో అమల్లోకొచ్చిన ఫలెపిలి ఒప్పందం కింద ఏడాదికి 280 మందికి అక్కడికెళ్లి ఉండే అవకాశం. ఆవిడ మాత్రం కొత్త నేల మీద ఇల్లెప్పుడు కట్టనిస్తారని అడుగుతోంది. తల్లీకొడుకుల మధ్య అన్నం దగ్గర ఆ వాదన రోజూ ఉంది.

డబ్బు నోట్లుగా తెచ్చుకోండి. ఏటీఎంలు 2025 ఏప్రిల్‌లోనే మొదలయ్యాయి. మేం వెళ్లింది అంతకుముందు, కార్డు ఎక్కడా నడవలేదు. ఫిజీ రాజధాని సువా నుంచి రానూపోనూ టికెట్టు మనిషికి 1,100 ఆస్ట్రేలియన్ డాలర్లు, మోటార్‌సైకిల్ రోజుకి 15. కన్జర్వేషన్ ఏరియాకి, అంటే చిన్న చిన్న దీవులున్న రక్షిత సముద్ర ప్రాంతానికి, పడవ 200 అడిగారు, ఇంకో జంటని కలుపుకుంటే సగం. నీళ్ల సీసా, టోపీ మీరే తీసుకెళ్లండి, ఆ దీవుల్లో దుకాణం ఉండదు.