మంచుబండ్లతో కీవినా ప్రయాణం: ట్రైలర్, బసలు, మోకు బిగింపు

ఫిబ్రవరి రెండవ వారంలో నేనూ మా బావమరిదీ కలిసి మిన్నెసోటాలోని మేపుల్ గ్రోవ్ నుంచి మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని కీవినాకు రెండు స్నోమొబైళ్ళను, అంటే మంచు మీద నడిచే బండ్లను, ట్రైలర్ మీద వేసుకొని వెళ్ళి వచ్చాము. ఒకవైపు ప్రయాణమే ఏడు గంటలకు పైగా పడుతుంది. కీవినా మంచుదారుల అందం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కానీ, పైకప్పూ గోడలూ లేని ట్రైలర్ మీద బండ్లను అంత దూరం ఎలా క్షేమంగా చేర్చాలో, ట్రైలర్‌తో వెళ్ళేవారికి ఎలాంటి బస అనుకూలమో మన భాషలో చెప్పినవారు నాకు కనబడలేదు. అందుకే ఈ యాత్రలో దారి కంటే బండ్లను ట్రైలర్‌కు కట్టే పద్ధతి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ట్రైలర్‌ను మా ఊరికి దగ్గరలోని ఒక అద్దె దుకాణంలో తీసుకున్నాము. ట్రైలర్ మంచిదే. రెండు బండ్లు పక్కపక్కన పట్టే అల్యూమినియం చట్రం, వెనక్కి వంగే పలక, స్కీల (బండి ముందుండే జారుడు పలకల) కింద ప్లాస్టిక్ పట్టాలు, రోడ్డు మీది ఉప్పునీరు బండ్ల మీద చిమ్మకుండా ముందువైపు ఒక అడ్డుఫలకం ఉన్నాయి. స్కీల అడుగున ఉండే గట్టి కార్బైడ్ లోహపు కమ్ములు ఉత్త చెక్కను చీల్చేస్తాయి కనుక ప్లాస్టిక్ పట్టాలు లేని ట్రైలర్‌ను తీసుకోవద్దని నా సలహా. అయితే ఆ దుకాణంవారు ట్రైలర్ తగిలించే గుండు విషయంలో మాత్రం అశ్రద్ధ చేశారు. మా కారుకు ఉన్నది 1.875 అంగుళాల గుండు. ట్రైలర్ కప్లర్ (గుండు మీద కూర్చునే ట్రైలర్ మూతి) మీద 2 అంగుళాలని చెక్కి ఉంది. చిన్న గుండు మీద పెద్ద కప్లర్ చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, గొళ్ళెం కూడా పడుతుంది, కానీ పెద్ద గుంటలో చక్రం పడినప్పుడు ఊడి పైకి లేచిపోతుంది. కప్లర్ మీది అంకె నేను వంగి చదవకపోయి ఉంటే ఆ రోజు ఏమై ఉండేదో ఊహించడానికే భయమేస్తుంది. గుండు మార్పించుకొని, సేఫ్టీ చైన్లను కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేసి తగిలించాము. అలా వేస్తే ఒకవేళ కప్లర్ ఊడినా ట్రైలర్ మూతి రోడ్డును తాకకుండా ఆ గొలుసుల మీద నిలుస్తుంది.

బండ్లు ఎక్కించేముందు ట్రైలర్ కారుకు తగిలించి ఉండాలి. విడిగా ఉన్న ట్రైలర్ మీదికి వెనుకనుంచి రెండు వందల కిలోలకు పైబడిన బండి ఎక్కితే ట్రైలర్ మూతి గాలిలోకి లేస్తుంది. ఎక్కించేటప్పుడు యాక్సిలరేటర్ మీద చేతి బొటనవేలిని చాలా సున్నితంగా ఉంచాలి; పలక మీదికి రాగానే ట్రాక్‌కు (బండి కింద తిరిగే రబ్బరు పట్టాకు) పట్టు దొరికి బండి ఒక్కసారి ముందుకు ఉరుకుతుంది. రెండు బండ్లనూ ముఖం ముందుకు ఉండేలా పెట్టాము. స్నోమొబైల్ ఇంజను ముందు భాగంలోనే ఉంటుంది కనుక అలా పెడితే బరువు కప్లర్ వైపు పడుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కప్లర్ మీద ఉండాలి. బరువు వెనక్కి పడితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ తోక పాములా ఊగడం మొదలవుతుంది, ఆ ఊపును ఆపడం కష్టం.

స్కీల మీదుగా అడ్డంగా ఒక కమ్మీ వేసి, దాన్ని మర హ్యాండిల్‌తో బిగించాలి. ఇది బండి ముందు భాగాన్ని పట్టుకుంటుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. వెనుక భాగం వదిలేస్తే రోడ్డు మీది ప్రతి గతుకుకూ బండి వెనుక స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతుంది, ఆ అదురుకు ముందున్న మర మెల్లగా విప్పుకుంటుంది. అందుకని ఒక్కొక్క బండి వెనుక బంపరుకు ర్యాచెట్ (పళ్ళచక్రంతో బిగించే) పట్టీ వేసి, స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయేదాకా కాకుండా, బండి కొద్దిగా కిందికి దిగేదాకా బిగించాము. బండి హ్యాండిల్‌కు ఎప్పుడూ పట్టీ వేయకూడదు. అది స్టీరింగ్, బండి బరువు మోయడానికి చేసింది కాదు. పట్టీ నేరుగా చదునుగా వేస్తే గాలికి మోగుతూ వేగంగా కంపిస్తుంది, ఒక మెలిక తిప్పి వేస్తే ఆ కంపనం తగ్గుతుంది. ఇంట్లో దుమ్ము పడకుండా కప్పే గుడ్డను కాక, ప్రయాణానికని చేసిన, అడుగున పట్టీలున్న కవరును మాత్రమే వేయాలి. వదులుగా ఉన్న గుడ్డ నాలుగు గంటలు గాలికి కొట్టుకుంటే ముందు అద్దమంతా గరగరలాడే గీతలు పడతాయి.

50 మైళ్ళ తరువాత నార్త్ బ్రాంచ్ దగ్గర ఆగి చక్రాల నట్లు, పట్టీలు చూశాము. అంతా బాగానే ఉంది. ఇంటి దగ్గర వెచ్చని గ్యారేజీలో గాలి కొట్టించినవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. చిన్న టైర్లున్న ట్రైలర్‌కు ఇది తక్కువ విషయం కాదు. డులూత్ దాటి, సుపీరియర్ మీదుగా అమెరికా 2వ నంబరు రహదారి ఎక్కి ఆష్‌ల్యాండ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి పెట్రోలు బంకులోకి తిరుగుతుండగా మా బావమరిది అద్దంలోకి చూసి, "బావా, కుడివైపు బండి తోక కాస్త ఎక్కువ ఊగుతున్నట్టుంది, దిగి చూద్దాం" అన్నాడు.

దిగి చూస్తే ఆ పట్టీ వేలితో లాగితే వచ్చేంత వదులుగా ఉంది. కారణం వెతకడానికి కొంత సమయం పట్టింది. ముందు వారం ఆ బండిని మా ఊరి చెరువు మీద నడిపినప్పుడు ట్రాక్ లోపల ఇరుక్కుపోయిన మంచుగడ్డ దారిలో అదురుకు నలిగి, విరిగి, కింద రాలిపోయింది. దాని ఎత్తు మేరకు బండి కిందికి దిగింది, పట్టీ వదులైంది. అంతే కాదు, వదులైన పట్టీ బంపరు అంచు మీద రాసుకొని ఒకవైపు నూలుపోగులు లేచి, వేలు పెడితే గరుకుగా తగిలాయి. మా ఊళ్ళో గడ్డిబండికి మోకు వేసేటప్పుడు మా నాన్నగారు, "బండి కదిలాక గడ్డి అణుగుతుంది రా, వాగు దిగేముందు మోకు మళ్ళీ బిగించాలి" అనేవారు. ఆ మాట ఆష్‌ల్యాండ్‌లో మైనస్ చలిలో గుర్తుకు వచ్చింది. మేము ముందుజాగ్రత్తగా తెచ్చుకున్న కొత్త పట్టీ వేసి, రెండు బండ్ల ట్రాకుల్లో మిగిలిన మంచును కర్రతో పొడిచి తీసేశాము.

వేక్‌ఫీల్డ్ దగ్గర ఎం-28 రోడ్డులోకి తిరిగి, చీకటి పడేవేళకు కీవినాలోని హోటన్ చేరాము. మొదటి రాత్రి పట్టణంలోని ఒక మోటెల్‌లో దిగాము. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. వారి ఆవరణ మాత్రం ట్రైలర్‌కు పనికిరాదు. "ట్రైలర్ పార్కింగ్ ఉంది" అని ఫోనులో చెప్పారు కానీ, అది భవనం వెనుక, వీధి దీపం లేని, తిరగడానికి చోటు లేని ఇరుకు స్థలం. తెల్లవారి మంచు తోసే బండి వచ్చి మా ట్రైలర్ చుట్టూ నడుమెత్తు గోడ కట్టి వెళ్ళింది. దాన్ని తవ్వి బయటపడేసరికి గంట పట్టింది.

మిగిలిన మూడు రాత్రులు లాక్ లా బెల్ వైపు ఒక క్యాబిన్ తీసుకున్నాము. అద్దె మోటెల్ కంటే ఎక్కువ, వంట మనమే చేసుకోవాలి. అయినా ట్రైలర్‌ను ఒకసారి పెట్టి మళ్ళీ కదపనక్కర్లేదు, ముంగిట్లోంచే మంచుదారి మొదలవుతుంది. ట్రైలర్‌తో వచ్చేవారు గది ఫొటోల కంటే ముందు ఆవరణ ఫొటోలు అడగాలి. ట్రైలర్ విప్పకుండా ఒకవైపు నుంచి లోపలికి వెళ్ళి మరోవైపు నుంచి బయటికి రాగలమా, రాత్రి దీపం ఉంటుందా, బండ్లకు గొలుసు వేసి తాళం పెట్టడానికి ఏదైనా స్తంభం ఉందా అన్న మూడూ అడిగితే చాలు.

దారుల గురించి క్లుప్తంగా. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి తేమను మోసుకొచ్చి కీవినా మీద మంచుగా కురిపిస్తుంది. 41వ నంబరు రహదారి పక్కన 1978-79 చలికాలంలో పడిన 390.4 అంగుళాల మంచును చూపే చాలా ఎత్తైన కొలబద్ద ఉంది. దాని పాదం దగ్గర నిలబడి పైకి చూస్తే మాట రాలేదు. హోటన్ నుంచి హాంకాక్‌కు ఉన్న లిఫ్ట్ వంతెన మీద శీతకాలంలో పై అంతస్తు మీద కార్లూ, ఒకప్పుడు రైళ్ళు నడిచిన కింది అంతస్తు మీద స్నోమొబైళ్ళూ వెళతాయి. మిన్నెసోటా రిజిస్ట్రేషన్ ఉన్నా మిషిగన్ దారులకు విడిగా అనుమతి చీటీ కొని బండి ముందు దీపం దగ్గర అంటించాలి. దాన్ని బయలుదేరకముందే తీసుకోవడం మంచిది. ఇక్కడి రాగి గనుల్లో పనిచేయడానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కార్నిష్ వాళ్ళు తెచ్చిన పాస్టీ చూడటానికి మన కజ్జికాయలాగే ఉంటుంది, లోపల మాత్రం మాంసం, దుంపలు. కాలుమెట్‌లో కూరగాయల పాస్టీ దొరికింది, కారం చల్లుకొని తిన్నాము.

తిరుగు ప్రయాణంలో బండ్లు కట్టడం ఇంకా కష్టం. నాలుగు రోజుల మంచు ట్రాకుల్లో గట్టిగా దట్టించి ఉంటుంది, కమ్మీ మర గడ్డకట్టి తిరగదు, ర్యాచెట్ పళ్ళలో మంచు కూరుకుపోతుంది. క్యాబిన్ యజమాని ఒక బకెట్టు వేడినీళ్ళు ఇచ్చారు. పట్టీ మీద పోస్తే అది మళ్ళీ గడ్డకడుతుంది కనుక మర మీద మాత్రమే పోసి, వెంటనే తుడిచి, గ్రీజు రాశాము. ఈసారి మూడుసార్లు ఆగి పట్టీలు చూసుకున్నాము. రెండుసార్లు ఒక్కొక్క పన్ను బిగించవలసి వచ్చింది. డులూత్‌లో కారు కడిగేచోట బండ్ల అడుగునా, ట్రైలర్ ఇరుసూ, విద్యుత్ ప్లగ్గూ ఉప్పు పోయేదాకా కడిగించాము.

ట్రైలర్ తిరిగి ఇచ్చేటప్పుడు అరిగిన పట్టీని మిగతావాటితో కలిపి సంచిలో వేయకుండా విడిగా కౌంటరు మీద పెట్టి, పోగులు లేచినచోట వేలితో చూపించాను. అక్కడి యువకుడు దాన్ని మడిచి డబ్బాలో పెట్టబోతే మా బావమరిది మర్యాదగానే ఆపి, కత్తెర అడిగి, ఇంకెవరి చేతికీ వెళ్ళకుండా మధ్యకు కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. కొత్త పట్టీ ఆ ట్రైలర్ పెట్టెలో చేరేదాకా మేమిద్దరమూ అక్కడే నిలబడ్డాము.