ఎండాకాలంలో లక్నవరం: ఒడ్డు వెంబడి నిదానంగా పడవలో, దారిలో రామప్ప, పాకాల

వేసవి సెలవులు రాగానే మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట, నీళ్ళున్న చోటికి పోదామని. హన్మకొండ నుంచి సముద్రం చూడాలంటే గంటల తరబడి రైల్లో కూర్చోవాలి. పాపికొండలకు పోవాలన్నా ముందు భద్రాచలం చేరుకొని, అక్కడి నుంచి మళ్ళీ పడవ రేవు దాకా వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న బాపుతో, అక్క పిల్లలతో మే నెల ఎండలో అంత దూరం వద్దనుకొని ఈసారి ములుగు వైపు చెరువులనే ఎంచుకున్నాం.

లక్నవరం పోయొచ్చిన చాలామంది చెప్పేది ఒకటే: బ్రిడ్జి మీద ఫోటోలు దిగాం, స్పీడ్ బోటు ఎక్కాం, అన్నం తిని వచ్చేశాం. అట్లా చూస్తే అది గంటలో అయిపోతుంది. ఆ చెరువు అందమంతా అంచుల్లో ఉంది. గుట్టలు నేరుగా నీళ్ళలోకి దిగే చోట్లు, రెండు ద్వీపాల మధ్య సన్నటి సందులు, పక్షులు వాలే ఎండు మొద్దులు, ఇవన్నీ ఒడ్డుకు దగ్గరగా, ఇంజను చప్పుడు తగ్గించి వెళ్తేనే కనపడతాయి. స్పీడ్ బోటు నడిమధ్యలో ఒక చుట్టు చుట్టి తెస్తుంది. పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ చెరువును చూసినట్టు కాదు.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుంటే గూడెప్పాడ్, ఆత్మకూర్, కటాక్షపూర్ చెరువు, మల్లంపల్లి, ఆ తర్వాత ములుగు. ఊళ్ళోకి పోయే ముందే గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళే కాదు, ఈ దారిన పోయేవాళ్ళు చాలామంది అక్కడ ఆగి మొక్కుకొని కదులుతారు. మా అమ్మ కొబ్బరికాయ కొట్టనిదే కారు కదలనివ్వలేదు. ములుగు దాటి చల్వాయి దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే ఏడెనిమిది కిలోమీటర్లలో చెరువు. మొత్తం 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎండ ముదరక ముందే చేరిపోవచ్చు.

ఈ కాలంలో ఆ దారిలో ఒక లాభం ఉంది. అడవి పక్క ఊళ్ళవాళ్ళు మొర్రి పండ్లు, తునికి పండ్లు గంపల్లో పెట్టుకొని కూర్చుంటారు. తాటి ముంజలు సరేసరి. తునికాకు కోసే రోజులు కూడా ఇవే కాబట్టి కొన్ని ఊళ్ళ బయట ఆకు కట్టలు వరసలుగా పరిచి ఆరబెట్టిన కల్లాలు కనపడతాయి. బండి ఆపి పిల్లలకు చూపించాం. బీడీ ఆకు ఎట్లా వస్తుందో వాళ్ళకు అప్పటిదాకా తెలియదు.

ఇక పడవ గురించి. ఎండాకాలంలో పడవ ఎక్కడానికి రెండే సమయాలు, పొద్దున బోట్లు మొదలవగానే, లేకపోతే సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఎండ 43, 44 డిగ్రీలకు చేరే రోజుల్లో మధ్యాహ్నం నీళ్ళ మీద చల్లగా ఉంటుందనుకోవద్దు. పైనుంచి ఎండ, కిందనుంచి నీళ్ళ తళతళ, రెండూ కలిసి కళ్ళు తిప్పేస్తాయి. మేం సాయంత్రమే ఎంచుకున్నాం. విడివిడిగా టికెట్లు తీసుకోకుండా పైకప్పున్న పెద్ద మోటారు బోటు మొత్తం మాట్లాడుకున్నాం. ఒక కుటుంబానికి ఖర్చు ఎక్కువే. రెండు కుటుంబాలు కలిసి పోతే భారం అనిపించదు. ధరలు మారుతుంటాయి కాబట్టి కౌంటర్ దగ్గర బోర్డు చూసి, ఎంతసేపు తిప్పుతారో ముందే అడిగి తెలుసుకోండి.

బోటు నడిపే అన్నకు అమ్మ ఒకటే మాట చెప్పింది: "బిడ్డా, మాకు తొందర లేదు, గుట్టల పొంటి మెల్లగ పోనియ్యి." ఆయనకు ఆ మాట నచ్చినట్టుంది. "అందరూ స్పీడుగ పొమ్మంటరు పెద్దమ్మా, మెల్లగ పొమ్మన్నోళ్ళు తక్కువ" అని ఇంజను తగ్గించాడు. ఆ తర్వాత అడగకుండానే ఒక్కో ద్వీపం పక్కగా తీసుకెళ్ళి చూపించాడు. లక్నవరంలో ద్వీపాలు 13 అంటారు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గడం వల్ల ప్రతి ద్వీపం చుట్టూ గోధుమరంగు మట్టి పట్టీ కనపడుతుంది, అది వానాకాలం నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో చెప్పే గుర్తు. నిండితే 33 అడుగులు దాటే చెరువు ఇది. యాసంగి వరికి కాల్వలు వదిలాక మే నెలలో ఎంతో దిగిపోతుంది. నీళ్ళు తగ్గితే ఏం చూస్తాం అని కొందరు ఈ కాలంలో రారు. నాకు మాత్రం తగ్గినప్పుడే నచ్చింది. రాళ్ళు, వేళ్ళు, మునిగి ఉన్న మొద్దులు బయటపడతాయి. మొద్దు మొద్దుకో నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది. ఒక సందులోకి మలుపు తిరగగానే తెల్ల కొంగలు గుంపుగా లేచాయి. అక్క కూతురు అరవబోయి నోరు మూసుకుంది. చప్పుడు చేస్తే మిగతావి కూడా పోతాయని ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంది.

ఈ చెరువును ఎట్లా కట్టారో పడవలోంచి చూస్తేనే తెలుస్తుంది. ఒడ్డున నిలబడితే ఎటు చూసినా గుట్టలే, కట్ట ఎక్కడుందో కనపడదు. కాకతీయుల కాలంలో ఇక్కడ గుట్టల మధ్య ఉన్న మూడు సన్నటి లోయలకు చిన్న చిన్న కట్టలు పోసి నీళ్ళు ఆపారు. మిగతా కట్టంతా గుట్టలే. బోటు ఆ వైపు తిరిగినప్పుడు బాపు లేచి నిలబడబోతే అన్న వద్దని కూర్చోబెట్టాడు. బాపు వ్యవసాయం చేసిన మనిషి. "మూడు జాగల మట్టి పోసి ఇన్ని నీళ్ళు ఆపిండ్రు, జాగ ఎంచుకునుట్లనే ఉన్నది తెలివంతా" అన్నాడు. తర్వాత చాలాసేపు తూముల గురించి, ఏ కాల్వ ఏ ఊరికి పోతుందో అన్నను అడుగుతూనే ఉన్నాడు. ఎనిమిది వందల ఏళ్ళ కింద కట్టిన చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోందంటే, మనం దాన్ని పిక్నిక్ చోటుగా మాత్రమే చూడటం అన్యాయం అనిపించింది.

లైఫ్ జాకెట్ల గురించి గట్టిగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే పడవ మునిగినప్పుడు చనిపోయినవాళ్ళలో మన కాజీపేట పక్కన కడిపికొండ వాళ్ళు కూడా ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజులు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. ఇప్పటికీ పడవ అంటే చాలా ఇళ్ళల్లో టెన్షన్ పడతారు, మా అమ్మ కూడా అంతే. చెరువు గోదావరి కాదు, వరద పోటు ఉండదు, నిజమే. అయినా ఉక్కపోస్తుందని జాకెట్ బకిల్ విప్పి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళను ఆ సాయంత్రం వేరే బోట్లలో చూశాను. దయచేసి అట్లా చేయకండి. చిన్నపిల్లలకు వాళ్ళ సైజు జాకెట్ ఉందో లేదో ఎక్కకముందే చూడండి. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్ళలో పడినప్పుడు తల మీదుగా జారిపోతుంది. సైజు లేకపోతే బోటు ఎక్కకుండా బ్రిడ్జి మీద నడిచి రండి, పోయేదేమీ లేదు.

వేలాడే వంతెన మీద నడవడం బాపుకు కొంచెం కష్టమైంది, మనుషులు ఎక్కువైతే ఊగుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను జనం తక్కువున్నప్పుడు, చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళండి. ఆదివారం మాత్రం వద్దు. శుక్రవారం దాకా ప్రశాంతంగా ఉండే చోటు వారాంతం వచ్చేసరికి కార్లతో నిండిపోతుంది. కోతులు చేతిలో కవరు కనపడితే వదలవు, తిండి బ్యాగులోనే ఉంచండి.

తిండి విషయంలో ఒక సలహా. చెరువు చేపల వేపుడు అక్కడికి పోయి తినకుండా రావద్దు. బొచ్చె, రవ్వ మామూలుగా దొరుకుతాయి, కొర్రమట్ట ఆ రోజు పడితేనే. పడవ ఎక్కే ముందే ఆర్డర్ చెప్పి పోతే దిగేసరికి వేడిగా సిద్ధంగా ఉంటుంది. దిగాక చెబితే ఆకలితో ఉన్న పిల్లలను సముదాయించడం కష్టం.

బస గురించి ఎక్కువమంది అడుగుతారు. లక్నవరంలో ద్వీపం మీదే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. 2024 చివర్లో మూడో ద్వీపంలో కొత్తగా ఇంకో రిసార్టు మొదలైంది, అక్కడికి బోటులోనే పోవాలి. దాన్ని మేం పడవలోంచి చూశాం. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు, డబ్బు గురించి పెద్దగా ఆలోచించని స్నేహితుల గుంపుకు అది సరిపోతుంది. రాత్రిపూట బాపుకు ఏదైనా అయితే బోటు కోసం చూడాల్సిన చోట నేను గది తీసుకోను. పెద్దవాళ్ళతో పోతే కారు దగ్గరగా వచ్చే గదే మేలు.

మేం ఒక రాత్రి హైవే పక్కన వేరే లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో ఏసీ గదికి ముందే డబ్బు కట్టాం. పోయేసరికి ఏసీ పనిచేయడం లేదు, కూలర్ తెచ్చి పెట్టారు. అర్ధరాత్రి కరెంటు పోయింది, జనరేటర్ లైట్లకే అన్నారు. అమ్మ తెల్లవార్లూ విసనకర్రతో పిల్లలకు విసురుతూ కూర్చుంది. పొద్దున అడిగితే తేడా డబ్బు తిరిగి ఇవ్వడానికి గంటసేపు మాటలు చెప్పారు. అందుకే ఈ కాలంలో గది తీసుకునేవాళ్ళు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: ఏసీ ఈ వారంలో నడుస్తోందా, జనరేటర్ ఏసీలకు కూడా ఉందా, గది పడమటి గోడకు ఉందా. పడమటి గోడ గది సాయంత్రం పొయ్యిలా కాలుతుంది.

రామప్పకు మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. ఎండాకాలంలో రామప్ప చూడాలంటే ఎనిమిది లోపే చూడాలి. చెప్పులు విప్పి నడవాలి, రాతి నేల పదింటికే కాలుతుంది. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా ముందు భాగం మీద పడుతుంది, ఎర్రరాయి రంగు అప్పుడే బాగా తేలుతుంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతిలో చెక్కిన మదనికలు అనే స్త్రీల శిల్పాల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఒంటి మీద నగలు, జడ అల్లిక, కాళ్ళ గజ్జెలు ఒక్కోటి పిల్లలకు పేరుపెట్టి చెప్పింది. శిఖరంలో వాడినవి నీటి మీద తేలే తేలికైన ఇటుకలు అన్న సంగతి పిల్లలకు అన్నిటికంటే నచ్చింది. గైడును పెట్టుకోండి, ఆ డబ్బు వృథా కాదు. ఆయన చూపించకపోతే మేం సగం శిల్పాలు దాటి పోయేవాళ్ళం.

గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. ఇక్కడా బోటు ఉంటుంది కానీ పడవ ప్రయాణంగా చూస్తే లక్నవరానికి సాటి రాదు. ఇక్కడ నీళ్ళు విశాలంగా ఒకే పరుపుగా ఉంటాయి, ద్వీపాల మలుపులు లేవు. ఉండటానికి మాత్రం రామప్పే మంచిది. కట్ట పక్క కాటేజీల నుంచి పొద్దున నాలుగడుగులు వేస్తే నీళ్ళు, ఇంకాస్త దూరం పోతే గుడి. ఈ రెండు చోట్లలో ఒక్కచోటే రాత్రి ఉండే వీలుంటే నేను రామప్ప అంటాను, సాయంత్రం పడవకు మాత్రం లక్నవరం.

తిరుగుదారిలో మల్లంపల్లి నుంచి నర్సంపేట వైపు మళ్ళి పాకాల చూశాం. గణపతిదేవుడి కాలంలోనే జగదాళ ముమ్మడి కట్టించిన చెరువు ఇది. చుట్టూ అభయారణ్యం. ఇక్కడికి పడవ కోసం రావద్దు, కట్ట మీద నడకకు రండి. చెట్ల నీడ అంత చల్లగా ఉంటుందని మే నెలలో నమ్మలేం. ఖమ్మం మీదుగా పోయే మున్నేరుకు మొదలు ఇక్కడి నీళ్ళే అని బాపు చెప్పాడు. సౌకర్యాలు తక్కువ, తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, నర్సంపేటలో కట్టించుకొని పోవాలి. ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చుకోండి, జింకలు తినేస్తాయి.

కరీంనగర్ వైపు వాళ్ళకు ఇంత దూరం రావడం కుదరకపోతే లోయర్ మానేరు డ్యాం ఉంది. ఊరి పక్కనే కాబట్టి ఆఫీసు అయ్యాక పిల్లలను తీసుకెళ్ళి గంట తిరిగి రావచ్చు. అడవి, గుట్టలు ఉండవు కానీ సాయంత్రం గాలి బాగుంటుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళు మే మూడో వారం లోపే ప్లాన్ చేసుకోండి. ఆ తర్వాత సాయంత్రాలు ఈదురుగాలులు, ఉరుములు మొదలైతే బోట్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. అలాంటప్పుడు గొడవ పెట్టుకోకుండా పొద్దుటి బోటుకు మార్చుకోండి. ముందు రోజు ఫోన్ చేసి బోటు నడుస్తుందో లేదో కనుక్కోండి. లోపల సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి టికెట్లకు, చేపలకు చిల్లర డబ్బులు చేతిలో ఉంచుకోండి.