సివిల్స్ ముందా, గ్రూప్-1 ముందా? అర్హతలు పక్కపక్కన పెట్టి చూస్తే

డిగ్రీ అయిపోవచ్చిన పిల్లలున్న ఇంట్లో ఈ చర్చ తప్పదు. రాస్తే సివిల్సే రాయాలని ఒకరు, గ్రూప్-1 రాసి మన రాష్ట్రంలోనే డిప్యూటీ కలెక్టర్ అయితే తక్కువేంటని ఇంకొకరు. మాటలన్నీ సిలబస్ మీదా కోచింగ్ మీదా నడుస్తాయి. ఏ పరీక్ష రాయడానికి మనకు ఎన్నేళ్లు టైముందో లెక్కేసే వాళ్లు తక్కువ. ముందు తేలాల్సింది అదే. ఇక్కడ తెలంగాణ గ్రూప్-1ను, 2024 నోటిఫికేషన్ నిబంధనల ప్రకారం తీసుకుంటున్నాను.

సివిల్స్‌కు పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండాలి, 32 నిండకూడదు. ఓబీసీలకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడిన) వాళ్లకు రిజర్వేషన్ ఉంది గానీ వయసులో ఒక్క రోజు కూడా సడలింపు లేదు. గ్రూప్-1కు 18 నుంచి 46. ఎస్సీ, ఎస్టీ, బీసీలతో పాటు ఈడబ్ల్యూఎస్‌కూ మరో 5 ఏళ్లు. రాష్ట్ర ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగం చేస్తున్న వాళ్లకు సర్వీసును బట్టి 5 ఏళ్ల వరకు కలుస్తుంది. సివిల్స్‌లో అలాంటిదేమీ ఉండదు. డీఎస్పీ మీద మనసున్న వాళ్లు మాత్రం 46 అని నిదానించొద్దు, ఆ పోస్టుకు 21 నుంచి 35 మాత్రమే.

వయసు ఉన్నా ఛాన్సులు ఉండాలి కదా. సివిల్స్‌లో జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 6, ఓబీసీలకు 9 అటెంప్టులు. ఎస్సీ, ఎస్టీలకు వయసు ఉన్నంతవరకు లెక్క లేదు. అప్లై చేసి వెళ్లకపోతే అటెంప్ట్ పోదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్‌కు కూర్చున్నా పోయినట్టే. ఫైనలియర్‌లో ఉండగా ‘ఎలా ఉంటుందో ఓసారి చూసొద్దాం’ అని వెళ్లే పిల్లలు ఆరింట్లో ఒకటి అక్కడే వదిలేసి వస్తున్నారు. పేపర్ ఇంటికి తెచ్చుకుని గడియారం పెట్టుకుని రాసినా అదే అనుభవం వస్తుంది. ఫైనలియర్ వాళ్లను అనుమతించడం మాత్రం సివిల్స్‌లో ఉన్న మేలు. గ్రూప్-1కు నోటిఫికేషన్ తేదీ నాటికే డిగ్రీ పూర్తయి ఉండాలి. దానికి అటెంప్టుల పరిమితి లేదు.

కాగితాల దగ్గర రెండు పరీక్షలూ రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. సివిల్స్‌లో చిక్కు ఓబీసీ సర్టిఫికెట్‌తో. రాష్ట్రంలో బీసీ-ఏ అనో బీసీ-డి అనో ఉన్నంత మాత్రాన చాలదు. కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, కేంద్రం నిర్ణయించిన నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (ఓబీసీల్లో బాగా స్థిరపడిన కుటుంబం కాదని చెప్పే కాగితం) ఉండాలి. ‘నాన్నకు జీతం, పొలం మీద రాబడి కలిపితే 8 లక్షలు దాటుతుంది, మనకు రాదులే’ అని వదిలేసుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ 8 లక్షల లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. జీతం సంగతి తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను బట్టి చూస్తారు. నేరుగా గ్రూప్-ఏ (పై స్థాయి అధికారి) ఉద్యోగంలో చేరిన వాళ్ల పిల్లలైతే ఆదాయంతో పనిలేకుండానే క్రీమీలేయర్. ఈ ఒక్క కాగితంతో 32 కాస్తా 35, ఆరు కాస్తా తొమ్మిది అవుతాయి.

గ్రూప్-1లో చిక్కు స్థానికతతో. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో దాన్ని బట్టి మల్టీజోన్ (నియామకాల కోసం రాష్ట్రాన్ని చేసిన రెండు భాగాల్లో మనది ఏదో) తేలుతుంది. అంటే ఏడు తరగతుల బోనఫైడ్లు కావాలి. మూడో తరగతి దాకా ఊళ్లో, తర్వాత పట్నంలో రెండు ప్రైవేటు బళ్లు మారిన పిల్లాడికి మూడు చోట్ల సంతకాలు. అందులో ఒక బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాలి. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక కాదు, ఇప్పుడే తెచ్చి దాచుకోండి. భివండీ, సూరత్‌లకు వలస వెళ్లిన కుటుంబాల్లో అక్కడే చదువుకున్న పిల్లలకు ఇది పెద్ద అడ్డంకి. వాళ్లకు సివిల్సే నయం, ఏ బడి అని అక్కడ అడగరు.

తెలుగు మీడియం వాళ్ల భయం వేరు. గ్రూప్-1 తెలుగులో రాయొచ్చు, ఇంగ్లిష్ పేపర్ గట్టెక్కితే చాలు. సివిల్స్ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. మెయిన్స్, ఇంటర్వ్యూలకు తెలుగు ఎంచుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ ఉన్నారు.

నా మాట అడిగితే, పాతికేళ్ల లోపు ఉండి, ఇంట్లో రెండు మూడేళ్లు నెట్టుకురాగలిగితే సివిల్స్ ముందు. గ్రూప్-1 వయసు ఎక్కడికీ పోదు. కానీ దాని నోటిఫికేషన్‌ను నమ్ముకుని ఖాళీగా కూర్చోకూడదు. సివిల్స్ ఏటా వస్తుంది. గ్రూప్-1కు తెలంగాణ వచ్చాక మొదటి నోటిఫికేషన్ 2022లో గానీ రాలేదు. దాని ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, చివరికి నోటిఫికేషనే రద్దయి, 2024లో 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ముప్పై దాటిన ఈడబ్ల్యూఎస్, జనరల్ వాళ్లు, ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాత్రం నేరుగా గ్రూప్-1 పట్టుకోండి. డిప్యూటీ కలెక్టర్‌గా ఎనిమిదేళ్లు దాటాక కన్ఫర్డ్ ఐఏఎస్‌కు (రాష్ట్ర సర్వీసు నుంచి పదోన్నతిపై వచ్చే ఐఏఎస్) పరిశీలనలోకి వస్తారు. చిన్న వయసులో చేరిన వాళ్లకు ఆ అవకాశం ఎక్కువ.