పసికందుల పేగు పరీక్షలకు ఆమ్నిపేక్: ఎక్కడ బాగుంది, ఎక్కడ చాలదు

రోజుల బిడ్డ పసరు వాంతి చేసుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది మాల్‌రొటేషన్ (పేగు పుట్టుకతోనే సరైన చోట అమరకపోవడం), దానివల్ల పడే పేగు మెలిక. అలాంటి బిడ్డకు ఎక్స్‌రే టేబుల్ మీద పట్టే కాంట్రాస్ట్ మందుగా, అంటే పేగును ఎక్స్‌రేలో కనిపించేలా చేసే మందుగా, మేం ఐయోహెక్సాల్‌నే ఎంచుకుంటాం. జీఈ హెల్త్‌కేర్ దాన్ని ఆమ్నిపేక్ పేరుతో అమ్ముతోంది.

కారణం ఆస్మోలాలిటీ, అంటే నీటిని లాగే గాఢత. రక్తానిది కిలోకు సుమారు 290 మిల్లీఆస్మోల్‌లు. ఆమ్నిపేక్ 180కి అది 408, 300కి 672 (180, 300 అంటే మిల్లీలీటరుకు ఉన్న అయోడిన్ మిల్లీగ్రాములు). గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే మరో అయోడిన్ మందుకైతే 1900 పైమాటే. అంత గాఢమైన మందు ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడా నీరు చేరుతుంది. ఇంకో కాంట్రాస్ట్ మందు బేరియం చవక, బొమ్మ కూడా స్పష్టంగా వస్తుంది. కానీ పేగుకు చిల్లుంటే పొట్టలోకి కారి తీవ్రమైన వాపు తెస్తుంది. ఐయోహెక్సాల్ కారినా రక్తంలో కలిసి మూత్రంలో పోతుంది.

180 లేకపోతే 300లో అంతే స్టెరైల్ నీళ్లు కలపండి. మిల్లీలీటరుకు 150 మిల్లీగ్రాముల అయోడిన్ వస్తుంది, పసిబిడ్డకు అది చాలు. వాడేముందు ఒంటి వేడికి తేవాలి.

ఇక మందు ఎంత మంచిదైనా పరీక్ష చెడేది చేతుల్లోనే. ముక్కు గొట్టంతో ముందు కడుపు ఖాళీ చేసి, బిడ్డను కుడిపక్కకు తిప్పి, 5 నుంచి 10 మిల్లీలీటర్లు మాత్రమే నెమ్మదిగా ఎక్కించాలి. మందు డ్యుయోడినమ్‌లోకి (చిన్నపేగు మొదటి భాగంలోకి) దిగగానే వెల్లకిలా తిప్పి, వంకర లేకుండా పడుకోబెట్టి బొమ్మ తీయాలి. డ్యుయోడినమ్, దాని తర్వాతి భాగమైన జెజునమ్ కలిసే మలుపు వెన్నుపూసకు ఎడమవైపు, డ్యుయోడినమ్ మొదటి భాగం ఎత్తులో ఉండాలి. ఈ మొదటి ధార దాటిపోతే జెజునమ్ నిండి మలుపును కప్పేస్తుంది, మళ్లీ కనిపించదు. మందు ఎక్కువ పోసినా అంతే: ఉబ్బిన కడుపు మలుపును కిందికి నెట్టి, లేని జబ్బును చూపిస్తుంది. మందు మరమేకులా మెలి తిరిగి దిగితే ఫిల్ములు పూర్తయ్యేదాకా ఆగకుండా పిల్లల సర్జన్‌కు ఫోన్ చేయాలి.

హిర్ష్‌స్ప్రంగ్ (పెద్దపేగు చివర నరాల కణాలు లేక మలం కదలని పుట్టుక జబ్బు) అనుమానంతో మలద్వారం నుంచి మందు ఎక్కించి చేసే ఎనీమా పరీక్షకూ ఆమ్నిపేకే వాడొచ్చు. మెత్తని సన్న క్యాథెటర్ (గొట్టం) కొన మలద్వారం దాటి కాస్త లోపలే ఉండాలి, బెలూన్ ఊదకూడదు. ఊదితే ఇరుకుగా ఉన్న పురీషనాళం సాగిపోయి జబ్బు దాగిపోతుంది, చిల్లు పడే ప్రమాదమూ ఉంది. పరీక్షకు ముందు పేగు కడగొద్దు. మొదట పక్క నుంచి బొమ్మ తీయండి. పురీషనాళం దాని పైనున్న పెద్దపేగు భాగమైన సిగ్మాయిడ్ కంటే సన్నగా ఉంటే అనుమానం బలపడుతుంది, నిర్ధారణ మాత్రం బయాప్సీదే (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష).

లోపాలూ ఉన్నాయి. బేరియంతో పోలిస్తే ధర ఎక్కువ. నీరు చేరిన పేగుల్లో పలచబడి బొమ్మ వెలిసిపోతుంది. అందుకే ఎనీమా తర్వాత 24 గంటలకు తీసే ఫిల్ములో ఎంత మిగిలిందో తేల్చడం కష్టమవుతుంది, అక్కడ బేరియందే పైచేయి.

మెకోనియం (బిడ్డ తొలి మలం) గట్టిపడి చిన్నపేగు మూసుకుపోయిన బిడ్డకు గ్యాస్ట్రోగ్రాఫిన్‌ను పూర్తిగా తోసిపుచ్చలేం. నీరు లాగే ఆ గుణమే గడ్డను కరిగిస్తుందని 1969లో పిల్లల సర్జన్ హెలెన్ నోబ్లెట్ చూపించారు. అయితే సెలైన్ ఎక్కుతూ ఉండాలి, సర్జన్ పక్కనే ఉండాలి.