ఫైబ్రోస్కాన్ పరీక్ష: హెపటైటిస్ సి చికిత్స మొదలుకాని రోగి సమీక్ష

హెపటైటిస్ సి ఉందని తేలినా, ఏదో ఒక కారణంగా మందులు ఇంకా మొదలుపెట్టని వారికి డాక్టర్లు తరచుగా రాసే పరీక్ష ఫైబ్రోస్కాన్. ఫ్రాన్సుకు చెందిన ఎకోసెన్స్ సంస్థ 2003లో తెచ్చిన ఈ యంత్రం, కాలేయం ఎంత గట్టిపడిందో సూది గుచ్చకుండానే కొలిచి, గట్టిదనపు కొలమానమైన కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. నా విషయంలో ఆలస్యానికి కారణం క్షయ. ఆ మందుల్లో ఉండే రిఫాంపిసిన్‌తో కలిపి హెపటైటిస్ సి మందులు వాడకూడదు కనుక, ముందు క్షయ కోర్సు పూర్తి కావలసి వచ్చింది. ఆ వ్యవధిలో ఒకటికి మించిన కేంద్రాల్లో ఈ పరీక్ష చేయించుకున్నాను. యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. కొన్ని చోట్ల రిపోర్టు ఇచ్చే తీరు మీద మాత్రం ఉంది.

పరీక్ష సులువైనదే. భోజనం చేశాక కాలేయానికి రక్తప్రవాహం పెరిగి గట్టిదనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చేతిని తల వెనక్కి పెట్టమని చెప్పి, కుడి పక్కటెముకల సందులో చల్లటి జెల్ రాసి ప్రోబ్ (యంత్రానికి ఉండే చేతి పరికరం) ఆనిస్తారు. బటన్ నొక్కిన ప్రతిసారీ వేలి కొసతో మీటినట్టు చిన్న తాకిడి తెలుస్తుంది, నొప్పి ఉండదు. ఆ తాకిడితో పుట్టిన 50 హెర్ట్జ్ తరంగం కాలేయంలోకి వెళ్తుంటే, దాని వేగాన్ని అల్ట్రాసౌండ్ పట్టుకుంటుంది. కాలేయం ఎంత గట్టిగా ఉంటే తరంగం అంత వేగంగా పోతుంది. సరైన కొలతలు పది వచ్చేదాకా ఇలాగే చేస్తారు. పది నిమిషాల లోపే అయిపోయే ఈ పరీక్ష, బయాప్సీలో తీసే ముక్కకు దాదాపు వంద రెట్ల కణజాలాన్ని చూస్తుంది.

అసలు తేడా రిపోర్టులో ఉంది. నాకు నచ్చిన కేంద్రంలో పది కొలతల మధ్యస్థ విలువ, అవి ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే ఐ.క్యు.ఆర్. శాతం, వాడిన ప్రోబ్ రకం, ఆఖరిసారి ఎప్పుడు తిన్నానన్నది కూడా రాసి ఇచ్చారు. మరో చోట ‘ఎఫ్2’ (కాలేయంలో మచ్చ ఏ దశలో ఉందో చెప్పే గుర్తు) అని ఒక్క ముక్క రాసి చేతిలో పెట్టారు. కిలోపాస్కల్స్ ఎంత అని అడిగితే డాక్టరు గారికి అర్థమవుతుందిలెండి అన్నారు. అర్థం కాదు. విలువ 7 దాటినప్పుడు ఐ.క్యు.ఆర్. మధ్యస్థంలో 30 శాతాన్ని మించితే ఆ ఫలితాన్ని నమ్మలేము, కిలోపాస్కల్స్ విలువ, ఐ.క్యు.ఆర్. లేని రిపోర్టును తర్వాతి రిపోర్టుతో పోల్చనూ లేము. హెపటైటిస్ సిలో సుమారుగా 7 దాటితే చెప్పుకోదగ్గ మచ్చ, 9.5 దాటితే ముదిరిన మచ్చ, 12.5 దాటితే సిర్రోసిస్ (కాలేయమంతా మచ్చకట్టిన చివరి దశ) అని లెక్క వేస్తారు. సిర్రోసిస్ లేదని చెప్పడంలో ఈ పరీక్ష గట్టిది. ఎఫ్1కు, ఎఫ్2కు మధ్య గీత గీయడంలో అంత నమ్మదగినది కాదు.

యంత్రం కొలిచేది గట్టిదనాన్ని, మచ్చను కాదు. వాపు ఉన్నా, పైత్యనాళం మూసుకుపోయినా, గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిచినా అంకె పెరుగుతుంది. క్షయ మందులు నా ఎ.ఎల్.టి.ని (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) బాగా పెంచిన రోజుల్లో తీసిన స్కాన్ ఒక్కసారిగా పై మెట్టు ఎక్కింది. ఎంజైములు తగ్గాక మళ్లీ తీయిద్దామని డాక్టరు ఆగారు, తీయిస్తే పాత విలువ దగ్గరికే వచ్చింది. అందుకే స్కాన్‌కు దగ్గరి రోజుల్లోనే రక్తపరీక్ష కూడా చేయించుకోవడం మేలు. కడుపులో నీరు చేరినవారికి ఈ పరీక్ష పనికిరాదు, లావుగా ఉన్నవారికి ఎక్స్‌ఎల్ ప్రోబ్ కావాలి.

ఈ పరీక్షకు తోడుగా ఫిబ్-4 లెక్క ఉంది. వయసును ఎ.ఎస్.టి.తో (ఎ.ఎల్.టి. లాంటిదే మరో ఎంజైము) హెచ్చవేసి, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎ.ఎల్.టి. వర్గమూలంతో హెచ్చవేసిన మొత్తంతో భాగిస్తే వచ్చే విలువ 1.45 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మామూలు రక్తపరీక్షలతోనే వచ్చేస్తుంది కనుక స్కాన్‌కు, స్కాన్‌కు మధ్య నేను దీన్నే చూసుకున్నాను. ఎ.ఎల్.టి. ఒక్కటే మామూలుగా ఉందని ధీమా పడడానికి లేదు, అది పెరగకుండానే మచ్చ పెరిగేవారు ఉన్నారు. వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ మోతాదు) కూడా కాలేయం ఎంత దెబ్బతిన్నదో చెప్పదు. గడ్డలను వెతకడం ఫైబ్రోస్కాన్ పని కాదు. సిర్రోసిస్ ఉన్నవారు ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ విడిగా చేయించుకోవలసిందే.

పరీక్షకు నేను అయిదుకు నాలుగు ఇస్తాను. మందులకు బదులుగా దీన్ని ఏళ్ల తరబడి చేయించుకుంటూ కూర్చునేవారికైతే నేను సిఫారసు చేయను. 95 శాతానికి పైగా రోగులకు 8 నుంచి 12 వారాల మాత్రలతో వైరస్ పోతున్నందున, మచ్చ ఏ దశలో ఉన్నా చికిత్స ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తప్పనిసరిగా ఆగవలసినవారు ఒకే కేంద్రంలో, ఒకే ప్రోబ్‌తో, పరగడుపున తీయించుకోవాలి. అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేసినప్పుడే రిపోర్టులో మధ్యస్థ విలువ, ఐ.క్యు.ఆర్. రాసిస్తారా అని అడిగి, లేదంటే మరో కేంద్రం చూసుకోవచ్చు.